దానమ్మ చెప్పిన సంత

తాటిదుంగ వంతెన దాటేటప్పుడు దానమ్మ నెత్తి మీది తట్టని దింపి చంకన పెట్టుకుంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా అదే అలవాటు. ఆ బుధవారం మాత్రం సగం దుంగ దాటాక గాని తట్ట ఇంకా నెత్తి మీదే ఉందన్న సంగతి ఆమెకి తెలియలేదు. కింద కాలవ నిండుగా పోతోంది. ఓ క్షణం అక్కడే ఆగి, "ప్రభువా, ఇయ్యాళొక్కరోజు నన్ను కాపాడు" అనుకుని, మెల్లగా అవతలి ఒడ్డు చేరింది.

దానమ్మకి అరవై ఉంటాయి. తన వయసు ఆమెకి సరిగ్గా తెలియదు. చర్చి పుస్తకంలో రాసి ఉందని అంటుంది గాని ఎప్పుడూ వెళ్ళి అడగలేదు. పొట్టి మనిషి. తట్ట మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. కుడికాలి బొటనవేలి గోరు ఏ నాటి దెబ్బకో పోయి మళ్ళీ సగమే మొలిచింది. నీలం అంచు తెల్లచీర కాస్త పైకి కట్టి, చెంగు నడుంలో దోపుకుంటుంది. ముందు పళ్ళు రెండు లేవు కాబట్టి నవ్వు వస్తే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటుంది. ఇలాంటి మనిషిని మీరు ఏ సంతలోనైనా వందసార్లు చూసి ఉంటారు, ఒక్కసారైనా గుర్తుపెట్టుకుని ఉండరు.

ఆమె పని రాజుగారి లోగిలికి సంత చేసి పెట్టడం. మొగలిలంక రాజుల ఇళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తెరలు కట్టిన బండిలో భీమవరం దాకా వెళ్ళొస్తారు గాని, కూతవేటు దూరంలో ఉన్న బుధవారం సంతలో కాలు పెట్టరు. బుచ్చిరాజుగారి భార్య సుభద్రాయమ్మగారు పదహారో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చారు. మేడ మీది కిటికీలోంచి సంత గోల వినపడేది. మధ్యలో కొబ్బరితోట అడ్డం కావడంతో ఆవిడకి కనపడేవి మట్టలే.

అందుకని బుధవారం మధ్యాహ్నం దానమ్మ పెరటి మెట్టు కింద తట్ట దింపగానే, ఆవిడ లోపల గడప అవతల చాప మీద కూర్చుని, "సరుకు తరవాత. ముందు సంత చెప్పు" అనేవారు. దానమ్మ చెప్పేది. ఎవరి కంద బాగా ఊరింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, కుండల రాఘవులు ఎలా దగ్గుతాడు, కత్తిపీటల సూరిబాబు బేరమాడిన వాళ్ళని ఎలా కసురుతాడు, పనసపొట్టు కొట్టే వీరాయమ్మ ఒకపక్క కత్తి ఆడిస్తూనే చుట్టుపక్కల సంసారాలన్నీ ఎలా చక్కబెడుతుంది. గొంతులు మార్చి మరీ చెప్పేది. సరుకు దింపడం ఐదు నిమిషాల పని, సంత చెప్పడానికి గంట పట్టేది. అమ్మగారు లోపల్నుంచే కబుర్లు పంపేవారు. పెరుగుకుండ మెడ దళసరిగా ఉందని రాఘవులికి, పొట్టు ఇంకాస్త సన్నగా కొట్టమని వీరాయమ్మకి. మరుసటి బుధవారం వాళ్ళ జవాబులు వచ్చేవి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండానే వాళ్ళంతా చుట్టాలైపోయారు.

ఇందులో చిక్కు ఒకటుంది. రాఘవులు చచ్చిపోయి పదకొండేళ్ళయింది.

ఆ ఏడు సుభద్రాయమ్మగారికి ముప్ఫయి తొమ్మిదో ఏట మళ్ళీ కడుపు పండింది. భీమవరంలో ఇచ్చిన ఒక్క కూతురు తప్ప అంతకుముందు పుట్టినవాళ్ళెవరూ నిలవలేదు. ఆ బిడ్డా దక్కలేదు. తొమ్మిది రోజులు ఆవిడ అన్నం ముట్టలేదు. పదో రోజు బుధవారం. రాఘవులు విషజ్వరంతో పోయాడని దానమ్మ సంతలో విని, కుండ లేకుండానే వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. లోపలి చీకట్లోంచి, "రాఘవులేమన్నాడే?" అని నీరసంగా గొంతు వచ్చింది. ఆ ఇంట్లోకి ఇంకో చావుని మోసుకెళ్ళడానికి దానమ్మకి నోరు రాలేదు. "కొత్త అన్నంకుండ చేస్తన్నాడండి. అమ్మగారు దాన్లో వండుకుని తింటేనే గాని ఇంకో కుండ చెయ్యనన్నాడండి" అనేసింది. ఆ సాయంత్రం ఆవిడ నాలుగు ముద్దలు తిన్నారని వంటమనిషి వీరలక్ష్మి చెప్పింది. ఆ తరవాత రాఘవుల్ని చంపడానికి దానమ్మకి చేతులాడలేదు.

బతికించాక ఊరుకుంటే కుదరదు, పోషించాలి. అతనికి దగ్గు తగ్గించింది. కొడుకుతో తగువు పెట్టి తనే రాజీ చేసింది. మనవరాలికి పెళ్ళి కుదిర్చి, అక్కడ దొరికిపోబోయింది. "భాద్రపదంలో పెళ్ళేమిటే? వాళ్ళకేమన్నా మతి పోయిందా?" అన్నారు సుభద్రాయమ్మగారు. పాస్టరుగారికి తీరికున్న రోజే పెళ్ళిరోజు తప్ప శూన్యమాసాల లెక్కలు దానమ్మకేం తెలుసు. "నేనే సరిగ్గా వినలేదేమోనండి, కనుక్కొస్తాను" అని ఆ పెళ్ళిని మాఘమాసానికి వాయిదా వేసింది. అమ్మగారు పెళ్ళికూతురికని పట్టుచీరా, పసుపూ కుంకుమా పంపారు. దానమ్మ అవి జాగ్రత్తగా తీసుకెళ్ళి రాఘవులు భార్య చేతిలో పెట్టింది. ఆవిడకి మనవరాళ్ళే లేరు. అయినా ఎందుకిచ్చారని అడగకుండా, కళ్ళు తుడుచుకుని తీసుకుంది.

ఆ తరవాత వీరాయమ్మ పోయింది. సూరిబాబు కొలిమి ఆర్పేసి విశాఖపట్నంలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. దానమ్మ ఇద్దర్నీ సంతలోనే ఉంచింది. అసలు సంతలోకి స్టీలుగిన్నెలు వచ్చాయి, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. దానమ్మ చెప్పే సంతలోకి మాత్రం ఒక్క ప్లాస్టిక్ బిందె కూడా రాలేదు. ఆదివారం చర్చిలో మోకరించి అన్ని పాపాలూ ఒప్పుకునేది గాని ఈ ఒక్కటీ దాటేసేది. ఒప్పుకుంటే మానెయ్యాల్సి వస్తుందని భయం. పాస్టరుగారు అబద్ధాల మీద ప్రసంగం చేసిన వారం ఆమెకి అన్నం సయించేది కాదు.

బుచ్చిరాజుగారు పోయి ఏడాదిన్నర అయింది. కిందటి బుధవారం సంతంతా విన్నాక సుభద్రాయమ్మగారు తాపీగా అన్నారు. "వచ్చే వారం నేనూ వస్తాను. ఇప్పుడు వద్దనేవాళ్ళెవరున్నారు? రాఘవుల్ని ఒక్కసారి చూడాలి."

వారం రోజులు దానమ్మకి కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే బయల్దేరి వచ్చింది అందుకే.

సంత అప్పుడే కూడుతోంది. పడవల్లోంచి అరటిగెలలు భుజాల మీద దింపుతున్నారు. కంద దుంపలు మట్టితో సహా కుప్పలు పోశారు. ఆనపకాయలు, లేత పనసకాయలు, గోనెపట్టా మీద పచ్చి అల్లం. చీపుళ్ళ కట్టలు చెట్టుకి ఆనించి నిలబెట్టారు. తుంగచాపలవాళ్ళు చాప పరిచి దాని మీదే కూర్చుని టీ తాగుతున్నారు. తడిగోనె వాసనా, పనసపాల వాసనా, ఓ మూల నుంచి ఎండుచేపల వాసనా. ఆ వాసన తగలగానే దానమ్మ నడక మారిపోతుంది. ఊళ్ళో ఎక్కడికెళ్ళినా పక్కకి తప్పుకుని నడిచే మనిషి, ఇక్కడ మాత్రం దారి మధ్యలో నడుస్తుంది. కందని గోటితో గీరి చూసి కాదని అవతల పెట్టిందంటే ఆ రైతు ఇంకోటి తీసి ఇవ్వాల్సిందే. పూర్వం ఇంతకి రెండింతలు కూడేదని, కుండల వరసే కాలవ మలుపు దాకా ఉండేదని ఆమెకి గుర్తు. ఇప్పుడు కుండలమ్మేది ఒక్క అప్పారావే.

అప్పారావుకీ అరవై దగ్గర పడ్డాయి. గడ్డి పరిచి కుండలు దింపుకుంటున్నాడు.

"అప్పారావూ, నీతో ఓ పని పడింది."

"చెప్పక్కా."

"ఇయ్యాళ మా అమ్మగారొత్తన్నారు. ఆవిడ రాఘవులూ అని పిలిస్తే నువ్వు ఆయ్ అనాల."

అప్పారావు చేతిలో కుండ చేతిలోనే ఉండిపోయింది. "రాఘవులెప్పుడో పోయేడు కదక్కా."

"అందుకే నిన్నడుగుతున్నాను. ఉంటే ఆయన్నే అడుగుదును."

"పోయినోడి పేరు పెట్టుకోమంటావు. నాకేదన్నా కీడు తగిలితేనో?"

"తగల్దు. మంచోడు."

"ఆయన తెగ దగ్గేవోడు కదా. దగ్గమంటావా పోనీ?"

"వద్దు. దగ్గు నేను తగ్గించేసేను."

అప్పారావు ఆమె మొహంలోకి చూసి నవ్వు ఆపుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, "సర్లే అక్కా, ఓ పూటకేగా" అన్నాడు.

పది దాటాక రిక్షా వచ్చింది. ముందు తెల్ల దుప్పటి కట్టి ఉంది. అది తొలగించుకుని సుభద్రాయమ్మగారు దిగారు. సన్నంచు జరీ లేని చీర, నిండుగా కప్పుకున్న కొంగు, ఎండ ఎరగని పాదాలు. రాజుగారి ఇల్లాలు సంతలో దిగిందని చుట్టూ గోల ఒక్కసారి తగ్గిపోయింది. ఆవిడ అటూ ఇటూ చాలాసేపు చూశారు.

"ఇంతేనా?" అన్నారు చివరికి. "ఇంకా పెద్దదనుకున్నాను."

"ఎండాకాలం కదండీ, తక్కువొస్తారండి" అంది దానమ్మ, సంత చిన్నదవడం తన తప్పే అన్నట్టుగా.

ఆవిడ నేరుగా కుండల దగ్గరికి నడిచారు. దానమ్మ వెనకే వెళ్ళింది.

"రాఘవులూ."

"ఆయ్, నేనేనండి." అప్పారావు లేచి చేతులు కట్టుకున్నాడు.

"బాగున్నావా? మనవరాలు అత్తారింట్లో సుఖంగా ఉందా?"

"ఏ మనవరాలండీ?" అన్నాడు అప్పారావు, దానమ్మ వైపు చూస్తూ.

అన్నీ ఆలోచించిన దానమ్మ మనవరాలి సంగతి చెప్పడం మర్చిపోయింది. అయినా అప్పటికీ మించిపోలేదు. అతనికి చెవుడొచ్చిందండీ అంటే సరిపోయేది, ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కాని సుభద్రాయమ్మగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆవిడ నవ్వుతుంటే పై పన్ను ఒకటి కొంచెం ముందుకొస్తుంది. ముప్ఫయ్యేళ్ళలో ఆ మొహాన్ని దానమ్మ వెలుతురులో చూడటం అదే మొదలు. ఆడిన అబద్ధాలన్నీ చీకటి గడపలోకి ఆడినవి. ఈ మొహం మీదికి ఆడటం ఆమె వల్ల కాలేదు.

"ఈయన రాఘవులు కాదండి అమ్మగారూ. అప్పారావండి. రాఘవులు పోయేడండి."

"ఎప్పుడే?"

"పదకొండేళ్ళయిందండి."

అప్పారావు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వీరాయమ్మ?"

"ఎనిమిదేళ్ళండి."

"సూరిబాబో?"

"ఊరొదిలేసి ఎల్లిపోయేడండి. ఉన్నాడో లేడో తెలవదండి."

సుభద్రాయమ్మగారు ఇంకేం అడగకుండా వెనక్కి వెళ్ళి రిక్షాలో కూర్చున్నారు. దుప్పటి దించుకోలేదు. దానమ్మ చక్రం పక్కన నిలబడింది. ఇక ఈ పని ఉండదని ఆమెకి అర్థమైపోయింది. పని పోతే ఇంకోటి చూసుకోవచ్చు. బుధవారం మధ్యాహ్నం ఆ మెట్టు కింద నిలబడి చెప్పుకునే గంట మాత్రం ఎక్కడా దొరకదు. ఆ గంట కోసమే తను వారమంతా బతుకుతున్నానని అప్పుడు తెలిసింది, ఏడుపొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"పోయిన వారం మోకాలినొప్పికి వావిలాకు కాపడం పెట్టుకోమంది ఎవరు?" అన్నారు అమ్మగారు, ఎదురుగా కుప్పపోసిన కంద వైపు చూస్తూ.

"నేనేనండి."

"అమ్మాయి ఉత్తరం రాయలేదని బెంగపెట్టుకోవద్దంది?"

"నేనేనండి."

"రాజుగారు పోయినప్పుడు ముగ్గురూ ఓ చోట కూర్చుని ఏడ్చేరన్నావు."

దానమ్మ తల దించుకుంది.

"ఆ మాటలేవో నీ మాటలుగానే చెప్పొచ్చు కదే."

"నేనెలా చెప్తానండి? మెట్టు కింద మనిషిని కదండీ."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. దారి అడిగిన వాళ్ళకి దారి చెప్పినట్టు చెప్పింది. సుభద్రాయమ్మగారు వేళ్ళు మడుస్తూ ఏదో గుర్తు తెచ్చుకుంటున్నారు.

"వీరాయమ్మ పోయి ఎనిమిదేళ్ళన్నావు. ఆరేళ్ళ కిందట ఆవిడ మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి పోయేడని చెప్పేవు. నేనూ ఏడ్చేను. వారం వారం ఎన్ని మాటలు చెప్పి పంపేను ఆవిడకి. ఆ పడిందెవరే?"

"సాలమోనండి. మా ఇంటాయనండి." "మీరు చెప్పిన మాటలన్నీ నాకు అందేయండి."

సాలమోను పోయినప్పుడు లోగిలి నుంచి ఓ బస్తా బియ్యం పాలేరు చేత వచ్చాయి. ఎలా పోయాడని ఎవరూ అడగలేదు. వారం నాగా పెట్టి వచ్చిన దానమ్మని సుభద్రాయమ్మగారు అడిగింది ఒక్కటే, పోయిన వారం సంతకి వెళ్ళలేదేమని. ఆ సంగతి ఇప్పుడు ఆవిడకీ గుర్తొచ్చినట్టుంది. కొంగుతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకున్నా ఆగలేదు.

కాసేపటికి కిందికి దిగి, "పద. వచ్చేం కదా, చూద్దాం" అన్నారు.

సంతంతా తిరిగారు. దానమ్మ చూపిస్తే కందని గోటితో గీరారు. చాప అంచు వేళ్ళతో నలిపి చూశారు. ప్లాస్టిక్ బిందెని తట్టి, దాని చప్పుడుకి మొహం చిట్లించారు. చివర్న వడ్రంగి నూకరాజు చెక్కసామాను పరుచుకుని కూర్చుని ఉన్నాడు. అక్కడ ఆగి, పొట్టి కాళ్ళున్న పనసచెక్క పీట ఒకటి తీసి, తిప్పి తిప్పి చూశారు.

"వంటింట్లో నాలుగు పీటలున్నాయి కదండీ" అంది దానమ్మ, అలవాటు కొద్దీ.

"ఉన్నాయి. ఇది కావాలి."

ఆవిడ తన చేత్తో తను కొన్న మొదటి వస్తువు అది. దాన్ని తట్టలో పెట్టనివ్వలేదు. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు.

దానమ్మ నడిచి లోగిలికి చేరేసరికి పీట పెరటి వసారాలో వేసి ఉంది, మెట్టుకి పైన. దానికి ఎదురుగా చాప. సుభద్రాయమ్మగారు గడప దాటి ఇవతలికి వచ్చి చాప మీద కూర్చుని ఉన్నారు. వంటింటి గుమ్మంలో వీరలక్ష్మి మూతి బిగించి నిలబడింది.

"ఎక్కి కూర్చో."

"ఫర్వాలేదండి. ఇక్కడే బాగుందండి."

"నాకు బాగాలేదు. మెడ నొప్పెడుతోంది నిన్నలా చూడాలంటే."

దానమ్మ కాళ్ళు కడుక్కుని మెట్టెక్కింది. పీట అంచు మీద ఒదిగి కూర్చుంది, లేవమంటే లేవడానికి వీలుగా.

"రాఘవులూ లేడు, వీరాయమ్మా లేదు. నీ సంగతి చెప్పు."

"నాదేముందండీ" అంది దానమ్మ. అంతమంది గొంతులు పలికిన మనిషికి తన గొంతు అలవాటు లేదు. చివరికి, "మా అబ్బాయండి, వరప్రసాదం. అమలాపురంలో మేష్టరండి" అంది.

"మేష్టరా?" అన్నారు సుభద్రాయమ్మగారు. "నీకు కొడుకున్నాడా?"

ఆ పీట మీద దానమ్మ పధ్నాలుగు బుధవారాలు కూర్చుంది. నాలుగైదు వారాలకి వెనక్కి జరిగి కూర్చోవడం నేర్చుకుంది. ఉన్న సంతే చెప్పేది, ప్లాస్టిక్ బిందెలతో సహా. మధ్యలో తన సంగతులు ఒకటీ అరా వచ్చేవి. సాలమోను కోపం, పెళ్ళయిన కొత్తల్లో కాలవలో కొట్టుకుపోయిన చెంబు, చిన్నతనంలో పోయిన కూతురు. సుభద్రాయమ్మగారు తనవీ చెప్పేవారు. వీరలక్ష్మి మొదట్లో పీటని కాలితో జరిపేది, తరవాత చేత్తోనే తీసి వేసేది.

తొలకరి పడ్డాక ఓ బుధవారం దానమ్మ రాలేదు. సాయంత్రం వరప్రసాదం వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. మెట్టు కింద నిలబడి, అమ్మకి ఆదివారం జ్వరం వచ్చిందనీ, తెల్లవారుజామున నిద్రలోనే పోయిందనీ, రేపు పొద్దున్న పూడుస్తున్నామనీ నెమ్మదిగా చెప్పాడు. మీకు కబురు చెయ్యమని ఆమె ఎప్పుడూ చెప్పలేదని, తనకే చెప్పాలనిపించి వచ్చానని అన్నాడు. వెళ్ళబోతూ వసారాలోకి చూశాడు.

"అదేనాండీ పీట? పేటంతా చెప్పింది."

మర్నాడు సమాధుల దొడ్డి గట్టు దాకా రిక్షా వచ్చింది. తెర లేదు. పాటలు పూర్తయ్యేదాకా ఆవిడ గట్టు మీద నిలబడి, మట్టి వేశాక వెళ్ళిపోయారు.

ఇప్పుడు బుధవారం సంతకి సుభద్రాయమ్మగారే వెళ్తున్నారు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, వసారాలో చాప మీద కూర్చుంటారు. అప్పారావు కుండలు తేలేదనీ, కంద ఇంకా లేతగా ఉందనీ, నూకరాజు కూతురికి నెల తప్పిందనీ మెల్లగా చెబుతుంటే, ఎవరొచ్చారా అని వీరలక్ష్మి వంటింట్లోంచి తొంగి చూస్తుంది. ఎదురుగా పీట వేసి ఉంటుంది. కొత్త పనసచెక్కకి ఉండే పసుపురంగు దాని మీద ఇంకా పోలేదు.